అటక మీది క్యాసెట్ల గురించి మేనకోడలికి

తెనాలి

చిరంజీవి వాసంతికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు అటక మీది నా రెండు ట్రంకు పెట్టెలూ దింపించావనీ, పాత టేప్ డెక్ ఒకటి బాగుచేయించి క్యాసెట్లన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నావనీ, సంక్రాంతికల్లా యూట్యూబ్‌లో ఛానెల్ తెరిచి అందరికీ వినిపిస్తానంటున్నావనీ మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నలభై ఏళ్ల కిందట నేను కూడబెట్టిన చెత్తను (ఇది మీ అత్తయ్య మాట) మన ఇంట్లో ఒకరైనా ముట్టుకున్నందుకు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే సగం మాటలు మింగేస్తానని కాగితం తీసుకున్నాను.

యంత్రం సంగతి నీకే బాగా తెలుసు. క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ బిళ్లలూ ముందే విరిచెయ్యి, పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోకుండా ఉంటుంది. హెడ్‌ను స్పిరిట్ దూదితో తుడువు. ఏళ్ల తరబడి కదలని టేపును చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాకే వినడం మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. “పాతవే కదా, ఇప్పుడు వాటికి దిక్కెవరు?” అన్నావట. ఆ మాటకే నాకు కోపం వచ్చింది. మాయాబజార్ సినిమానే తీసుకో, అది 1957లో వచ్చింది. మన చట్టంలో రికార్డుకు, అది వెలువడిన ఏడు గడిచాక 60 ఏళ్ల హక్కు ఉంటుంది కనుక, ఆ ఏడు వెలువడిన రికార్డుల గడువు 2017 చివరితో తీరింది. అయితే పాటంటే రికార్డు ఒక్కటే కాదమ్మా. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు. అవి కట్టినవాళ్లు కన్నుమూశాక 60 ఏళ్లు నడుస్తాయి. పింగళి నాగేంద్రరావు గారు 1971లో, ఘంటసాల గారు 1974లో పోయారు కాబట్టి, పింగళి వారి మాటల మీద 2031 చివరిదాకా, ఘంటసాల గారి బాణీల మీద 2034 చివరిదాకా ఎవరో ఒకరికి హక్కు ఉన్నట్టే. 2012లో చట్టాన్ని సవరించినప్పటి నుంచి, సినిమా హాలు బయట పాట ఎక్కడ వాడినా వచ్చే రాయల్టీలో కవికీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా దక్కాలన్నారు. అందుచేత రికార్డు కంపెనీ సొమ్మే కదా అని కొట్టిపారేయడం కుదరదు.

అయినా సినిమా పాటల విషయంలో నాకు పెద్ద బెంగ లేదు. వాటికి కాపలా ఉంది. నువ్వు ఎక్కించిన పాటను యూట్యూబ్ యంత్రం తన దగ్గర నమోదైన వాటితో పోల్చి చూసి పసిగడుతుంది. హక్కుదారు తలుచుకుంటే ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది, లేదా పాట ఆగిపోతుంది. వాళ్లు గట్టిగా ఫిర్యాదు చేసి, 90 రోజుల్లో మూడు స్ట్రయికులు, అంటే హక్కుల ఉల్లంఘన మచ్చలు, పడితే ఛానెలే పోతుంది. “హక్కులు నావి కావు, అభిమానంతో పెట్టాను” అని కింద రాసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. జేబులో చెయ్యి పెట్టి, ఈ జేబు నాది కాదండీ అన్నట్టుంటుంది అది.

నా భయమంతా యంత్రం నోరెత్తని క్యాసెట్ల గురించే. దానికి కారణం చెప్పాలంటే, మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

1986లో ఇక్కడ నాకు చిన్న రికార్డింగ్ షాపు ఉండేది. జనం చీటీ మీద పాటలు రాసి తెస్తే, అరవై నిమిషాల క్యాసెట్‌లోనో తొంభై నిమిషాల దానిలోనో ఎక్కించి ఇచ్చేవాణ్ని. రేపల్లె వైపు నటుడొకాయన కృష్ణుడి వేషానికి పేరుపడ్డవారు. అప్పు చేసి, విజయవాడలో రాయబారం పద్యాలు పాడి రికార్డు చేయించుకుని, ఐదు వందల క్యాసెట్లు తీయించారు. ఒకటి నా చేతికి వచ్చింది. ఆ గొంతుకు నేను పిచ్చివాణ్నయిపోయాను. వచ్చిన ప్రతివాడికీ వినిపించడం, అడిగిన ప్రతివాడికీ ఎక్కించి ఇవ్వడం. ఆయన క్యాసెట్ పాతిక రూపాయలైతే నా నకలు పదిహేను. ఖాళీ క్యాసెట్ ఖర్చు పోను నాకు మిగిలేది మూడు రూపాయలే కాబట్టి, ఇది వ్యాపారం కాదు, కళాసేవ అని నా నమ్మకం.

ఒక మధ్యాహ్నం గుడ్డ సంచీతో ఒక పెద్దాయన వచ్చి, “బాబూ, నా పద్యాల క్యాసెట్లు ఇరవై పెట్టి వెళతాను, అమ్ముడుపోయినప్పుడే డబ్బివ్వు” అన్నారు. రంగు, కిరీటం లేని ఆ ముఖాన్ని నేను పోల్చుకోలేదు. సంచీలోంచి తీసి బల్ల మీద పేరుస్తుంటే, అట్ట మీది బొమ్మ చూశాక గాని తెలియలేదు. గబగబా టీ చెప్పాను. టీ వచ్చేలోపల రైసు మిల్లు గుమాస్తా వచ్చి, “రాయబారం ఎక్కించావా?” అన్నాడు. లేదని ఒక అబద్ధం ఆడినా సరిపోయేది. అలవాటు కొద్దీ చెయ్యి సొరుగులోకి పోయింది. ఆకుపచ్చ సిరాతో నేనే రాసిన అట్ట వేసిన అరవై క్యాసెట్ తీసి వాడికిచ్చి, పదిహేను రూపాయలు పుచ్చుకున్నాను. పెద్దాయన ఆ అట్ట వైపు కాసేపు చూసి, “ఇంటిపేరు తప్పు రాశావు బాబూ” అన్నారు. ఇంకేమీ అనలేదు. పేర్చినవి ఒక్కొక్కటే తిరిగి సంచీలో వేసుకున్నారు. నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేకేమో, టీ మాత్రం పూర్తిగా తాగి వెళ్లారు. ఆ రాత్రి లెక్కల పుస్తకం తిరగేస్తే నేను ఇచ్చినవి 64 అని తేలింది.

పద్యాలు తిరుపతి వెంకట కవులవి కదా, ఆయనవా అని నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. ఆ జంట కవుల్లో చివరగా చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, పద్యాల మీద హక్కు 2010తో తీరిపోయింది. అప్పట్లో ఆ నటుడు కవిగారి వారసులను అడిగారా అంటే, అడిగి ఉండరు. దానివల్ల నా తప్పు తగ్గదు. ఆ గొంతు ఆయనది, ఖర్చు ఆయనది, కాబట్టి రికార్డు హక్కు 2046 చివరిదాకా ఆయన పిల్లలదే. నువ్వు దాన్ని యూట్యూబ్‌లోకి ఎక్కించి చూడు, ఒక్క హెచ్చరిక కూడా రాదు, ఎందుకంటే ఆ యంత్రానికి ఆయనెవరో తెలియదు. అది చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటావు, నేను సొరుగు తెరిచినంత మామూలుగా.

పెట్టెలో ఆకాశవాణి విజయవాడ నాటకాలు కూడా ఉన్నాయి, రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టినవి. వాటి విషయంలో నా మనసు ఒక తీరుగా లేదు. మాలాంటివాళ్లు ఇళ్లలో పట్టుకోకపోతే కొన్ని గొంతులు ఇవాళ వినపడేవి కావు. ప్రసార హక్కు 25 ఏళ్లకు తీరుతుంది గాని, నాటకం రాసినవాళ్ల హక్కు అంతటితో తీరదు. నీ సొంతానికి దాచుకుని వినడం వేరు, లోకానికి పంచడం వేరు. ఊరికే పెట్టెయ్యకుండా, నాటకం గురించి నువ్వు మాట్లాడుతూ, ఆ మాటకు కావలసిన ముక్క మాత్రం వినిపిస్తే విమర్శ కిందికి వస్తుంది. ముప్ఫై సెకన్లయితే తప్పు లేదన్నది పుకారు, మన చట్టంలో అలాంటి అంకె లేదు. రచయిత కుటుంబం దొరికితే ఉత్తరం రాయి. వద్దంటే గొణగకుండా తీసెయ్యి. పెట్టిన ప్రతిదాని కింద పాడినవారి పేరు, వాయించినవారి పేరు, తెలిసినంతవరకు ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా రాయి. నీకు తెలుగు టైపింగ్ సరిగ్గా రాకపోతే నాకు పంపు, నేను దిద్దుతాను.

నా కోపాన్ని మనసులో పెట్టుకోకు తల్లీ. ఆ పెట్టెలు దింపినప్పుడు నీకు దుమ్ముకి తుమ్ములు పట్టుకున్నాయని మీ అమ్మ చెప్పింది, ముక్కుకి గుడ్డ కట్టుకో.

రెండో పెట్టెలో అడుగున ఆకుపచ్చ సిరా అట్టతో ఒక అరవై క్యాసెట్ ఉంటుంది. పొరపాటున కూడా దాన్ని ఎక్కించకు, విడిగా తీసి ఉంచు. ఆయన పెద్దకొడుకు రేపల్లెలోనే ఉన్నాడని వాకబు చేశాను. పండగకు నువ్వు వచ్చినప్పుడు పొద్దున బండికి ఇద్దరం వెళదాం. అడగడం నువ్వు అడుగు, నేను పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
మామయ్య