టమాటాలో నులిపురుగును తట్టుకునే రకం ఏదని అడిగారు కదా

"వేర్లకు బుడిపెలు రాని టమాటా రకం ఏది, మీరు వేసింది చెప్పండి" అన్నది ప్రశ్న. ఆ బుడిపెలు తెచ్చేదే నులిపురుగు, మట్టిలో ఉండే కంటికి కనపడని సన్న పురుగు. వేసింది చెప్తాను గానీ రకం పేరు మాత్రం చెప్పను. ఒకసారి చెప్పి అనుభవించాను.

మాది మదనపల్లె పక్కన ఊరు. మూడేళ్ల కింద మూడు హైబ్రిడ్లు తలా రెండు సాళ్లు నాటాను. కోతలయ్యాక పీకి చూస్తే రెండు రకాల వేర్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. గట్టు పక్క రకానికి మాత్రం వేరు తెల్లగా, పీచుపీచుగా ఉంది. ఇక ఆగుతానా, ఊరంతా చాటాను. పక్క చేను తమ్ముడు నా మాట మీద ఎకరా మొత్తం అదే వేశాడు. కాయ పడే వేళకు మధ్యాహ్నమైతే చాలు చెట్లన్నీ వాలిపోయేవి. ఒక చెట్టు పీకి, మట్టితో సహా తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయాడు. ఒక్క మాట అనలేదు. మా ఆవిడే అంది, "ఆ గట్టు పక్కన అంతకుముందు దసరాకి మనం బంతి వేశాం కదా!" అని. బంతి వేర్లు నులిపురుగును అణిచేస్తాయి. ఆ సాళ్లలో గెలిచింది బంతి, టమాటా కాదు.

పైగా ఈ పురుగు చేనంతా ఒకేలా ఉండదు, ఒకచోట గుంపుగా ఉంటే పది అడుగుల అవతల ఉండదు. అందుకే ఇప్పుడు చేలో కాకుండా, మొక్కలు పెంచే ప్లాస్టిక్ కవర్లలో నాటి చూస్తున్నాను. జబ్బు చెట్ల కింది మట్టిలో ఆ బుడిపెల వేర్లనే తరిగి కలిపి నింపుతాను. రకానికి 10 మొక్కలు. పక్కన పూసా రూబీ అనే టమాటా రకం ఉండాల్సిందే, అది ఈ పురుగుకు ఇట్టే లొంగుతుంది. దాని వేరు కూడా ఉబ్బలేదంటే మట్టిలో పురుగు లేనట్టు, పరీక్ష దండగ. 50 రోజులకు వేర్లు మెల్లగా కడిగి లెక్కపెట్టండి. శాస్త్రవేత్తలు వేసే మార్కుల్లో ఒకటి రెండు బుడిపెలుంటే 1, పది వరకు 2, ముప్పై వరకు 3, వంద వరకు 4, వంద దాటితే 5. ఆ మట్టిని మాత్రం చేలో పారబోయకండి.

ఒకాయన "వేరుశనగకూ ఉంటాయిగా, బుడిపెలు మంచివే" అన్నాడు. అవి గోటితో గీకితే ఊడొస్తాయి. ఈ పురుగు తెచ్చేవి వేరు తానే ఉబ్బి వచ్చినవి, ఊడవు.

షాపులో "తట్టుకుంటుంది" అంటే దేన్ని, ఎంత వేడిలో అని అడగండి. టమాటాలో ఈ పురుగును ఆపేది అడవి టమాటా నుంచి తెచ్చిన 'మి' అనే జన్యువు. నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది పట్టు వదిలేస్తుంది. ఏప్రిల్లో సాళ్ల మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు కింద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. నేను కొన్న ప్యాకెట్ల మీద ఆకుముడత గురించి పెద్దక్షరాల్లో ఉంది, వేరు గురించి ఒక్క ముక్క లేదు.

ఈ ఏడు నా కవర్లలో నాలుగు రకాలున్నాయి. ఒకటి ఆ తమ్ముడే తెచ్చిచ్చాడు, ప్యాకెట్ మీద పేరు చింపేసి మరీ.