ముందు గుంట చూడు, తర్వాతే పేరు: చిన్నీకి ఉత్తరం

చిన్నీ,

తమిళనాడు తీరంలోని మండపంలో ప్రాజెక్ట్ ఖాయమైందని నీ మెసేజ్ చూడగానే చాలా సంతోషమేసింది రా. నువ్వడిగింది కోరల్స్‌ని, అంటే పగడాలని, స్పీషీస్ దాకా గుర్తుపట్టడం ఎలా నేర్చుకోవాలి, ఏ పుస్తకంతో మొదలెట్టాలి అని కదా. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో రాతి పగడాలు వందకు పైగా రకాలున్నాయి, వాటన్నిటి ఫోటోలు ముందేసుకుని బట్టీ కొడితే ఒడ్డున అంతా వచ్చేసినట్టే ఉంటుంది, నీళ్ళలో తల పెట్టగానే ఒక్కటీ గుర్తురాదు. అందుకని ఒక్క కోరల్‌ని పట్టుకో. దాన్ని ఎముక దాకా తెలుసుకో. మిగతావి దానికెంత దగ్గర, ఎంత దూరం అని చూసుకుంటూ పోతే వాటంతటవే వస్తాయి.

ఆ ఒక్కటి ఏదంటే నేను డిప్సాస్ట్రియా ఫేవస్ అంటాను. అక్రోపోరా అందరికీ ఇష్టమే, కొమ్మలు కొమ్మలుగా అందంగా ఉంటుంది, కానీ దానిలో స్పీషీస్ తేల్చడం పెద్దపెద్దవాళ్ళకే కష్టం, మొదట్లోనే దాని జోలికెళ్తే మనసు విరిగిపోతుంది. ఫేవస్ అలా కాదు, గుండ్రంగా బండలా ఉంటుంది, గుంటలు పెద్దవి, కంటికే కనిపిస్తాయి, ఎర్ర సముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ దాకా ఉంటుంది, మండపం దగ్గరా ఉంది, గుజరాత్‌లో గల్ఫ్ ఆఫ్ కచ్‌లోనూ ఉంది. మన కోస్తాలో గోదావరి, కృష్ణా తెచ్చే బురదకీ మంచినీళ్ళకీ ఇలాంటి రీఫ్‌లు కట్టలేదు, అందుకే వైజాగ్‌లో చదివిన పిల్లలకి కోరల్ అంటే స్పెసిమెన్ సీసాలోదే. నువ్వు బతికున్నదాన్ని చూడబోతున్నావు, దానికి తగ్గట్టు తయారై వెళ్ళు.

ముందు దాని అడ్రస్ చెప్తా, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. ఫైలం నిడేరియా, అంటే జెల్లీఫిష్‌లూ సీ ఎనిమోన్లూ దీని చుట్టాలే. సబ్‌ఫైలం ఆంథోజోవా. దానిలో క్లాస్ హెక్సకొరాలియా, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే మెత్తటి చేతులు) ఆరు లెక్కన వచ్చే గుంపు. ఆర్డర్ స్క్లెరాక్టీనియా, ఇవే రాతి పగడాలు, అరగొనైట్ రూపంలో కాల్షియం కార్బొనేట్‌తో గట్టి అస్థిపంజరం కట్టేవి. ఫ్యామిలీ మెరులినిడే, జీనస్ డిప్సాస్ట్రియా, స్పీషీస్ ఫేవస్. ఇంట్లో వాళ్ళు నిన్ను తప్పకుండా అడుగుతారు, ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం మీద పని చేస్తున్నావా అని. కాదు, అది కొరాలియం, ఎనిమిది టెంటకిల్స్ ఉండే ఆక్టోకోరల్స్ గుంపులోది, క్లాస్ దగ్గరే దారి విడిపోయిన చాలా దూరపు చుట్టం. ఆ తేడా అమ్మమ్మకి కూడా ఓపిగ్గా చెప్పు.

ఇప్పుడు అసలు పని. నీళ్ళలో దిగగానే అందరూ కోరల్ మొత్తం షేప్ చూస్తారు, రంగు చూస్తారు, చటుక్కున పేరు పెట్టేస్తారు. ఆ రెండూ చివర చూడు. ఫేవస్ బ్రౌన్‌గా ఉంటుంది, పచ్చగా ఉంటుంది, గోడలు ఒక రంగు మధ్యలో ఇంకో రంగూ ఉంటుంది, పక్కపక్కనే ఉన్న రెండు కాలనీలు కూడా ఒకలా ఉండవు, ఎందుకంటే రంగులో చాలా భాగం కోరల్ కండలో కాపురముండే జూజాంథెల్లే అనే ఆల్గేది, ఎండకి అవి పెరుగుతాయి తగ్గుతాయి, నీళ్ళు మరీ వేడెక్కితే బయటికి పోతాయి, అప్పుడు కోరల్ తెల్లబడిపోతుంది. 1998లో, 2010లో, 2016లో మన్నార్‌లో అలా బ్లీచింగ్ అయింది. తెల్లబడ్డ కోరల్‌కి రంగు చూసి పేరు ఎలా పెడతావు చెప్పు? షేప్ కూడా అంతే, లోతుని బట్టి, అలల దెబ్బని బట్టి అదే స్పీషీస్ ఒకచోట బంతిలా ఒకచోట పరుపులా పెరుగుతుంది.

అంతగా మారనిది గుంట. దాన్ని కొరలైట్ అంటారు, ఒక పాలిప్, అంటే కాలనీలోని ఒక్కో బుల్లి జీవి, తన కోసం కట్టుకున్న కప్పు అది. నువ్వు ఒక కాలనీ దగ్గర ఆగి ఒకే ఒక్క కొరలైట్‌ని ఎంచుకుని దాని మీద ముఖం పెట్టినంత దగ్గరగా చూడు, పగలు పాలిప్స్ లోపలికి ముడుచుకుని ఉంటాయి, టెంటకిల్స్ రాత్రే బయటికొస్తాయి, అందుకని పగటిపూట కండ పల్చగా పరుచుకుని కింద ఉన్న ఎముక గట్లు పైకే కనిపిస్తాయి, నీకు కావాల్సింది అదే. అంచు నుంచి లోపలికి నిలబెట్టిన పల్చటి పలకలు కనిపిస్తాయి, అవి సెప్టా. ఫేవస్‌లో ఇవి గోడ దగ్గర దళసరిగా ఉండి లోపలికి పల్చబడతాయి, ఒకదానికొకటి కాస్త దూరంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, అంచుల మీద చిన్న చిన్న పళ్ళుంటాయి. అవే పలకలు గోడ దాటి బయటి వైపు కూడా దిగితే వాటిని కాస్టే అంటారు. గుంట నడుమ అడుగున స్పాంజిలా అల్లుకుపోయిన ముద్ద ఉంటుంది, అది కొలుమెల్లా. కొన్ని కోరల్స్‌లో ఆ కొలుమెల్లా చుట్టూ సెప్టా చివర్లు పైకి లేచి కిరీటంలా నిలబడతాయి, వాటిని పాలిఫార్మ్ లోబ్స్ అంటారు, ఫేవస్‌లో అవి అంత బాగా రావు. ఇది గుర్తుంచుకో, కింద పనికొస్తుంది.

సెప్టా లెక్క పెట్టేటప్పుడు ఒక మాట. క్లాసులో ఆరు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అని సైకిల్స్ చెప్పి ఉంటారు, నువ్వు ఫేవస్‌లో లెక్కపెడితే ఆ లెక్క రాదు, కంగారుపడకు. ఇది చీలుతూ పెరిగే కోరల్ కాబట్టి ఆరు లెక్క చెదిరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోడ. రెండు పక్కపక్క కొరలైట్ల మధ్య ఏముందో చూడు. మన ఊళ్ళలో ఉమ్మడి గోడ ఉన్న ఇళ్ళు కొన్ని, మధ్యలో సందు వదిలి ఎవరి గోడ వాళ్ళు కట్టుకున్న ఇళ్ళు కొన్ని ఉంటాయి కదా, సరిగ్గా అదే తేడా ఇక్కడ. సందు ఉంటే ప్లోకాయిడ్, ఉమ్మడి గోడైతే సెరియాయిడ్. డిప్సాస్ట్రియాది సందు ఉన్న పద్ధతి, ఒక్కో కొరలైట్ కాస్త శంకు ఆకారంలో పైకి లేచి ఉంటుంది, మధ్యలో పల్లం కనిపిస్తుంది, ఆ పల్లంలో ఉన్న ఎముకని సీనోస్టియం అంటారు. ఉమ్మడి గోడ కనిపిస్తే అది ఫేవైటిస్ కావచ్చు, గోనియాస్ట్రియా కావచ్చు. ఈ రెండిట్లో తేల్చుకోవాలంటే పైన చెప్పిన కిరీటం చూడు, సెప్టా చక్కగా ఒద్దికగా ఉండి నడుమ కిరీటం స్పష్టంగా కనిపిస్తే గోనియాస్ట్రియా వైపు మొగ్గొచ్చు. గుంటలు విడివిడిగా లేకుండా కలిసిపోయి వంకర్లు తిరిగిన కాలువల్లా ఉంటే ప్లాటిగైరా. గుంటలు రెండు మిల్లీమీటర్ల చిన్నవిగా ఉండి మధ్య జాగా అంతా గరుకుగా పొక్కుల్లా ఉంటే సైఫాస్ట్రియా. ఇంకా చిన్నవై మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర చుక్కల్లా ఉంటే పోరైటిస్, దూరం నుంచి అదీ ఇలాగే గుండ్రటి బండలా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళు పొరబడతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలనీలో పల్లంగా ఉన్న చోట కొరలైట్లు ఇరుక్కుపోయి సందు మూసుకుపోయినట్టు కనిపిస్తాయి, ఆ ఒక్క చోటే చూసి ఉమ్మడి గోడ అని రాసేస్తే జీనసే మారిపోతుంది. ఉబ్బెత్తుగా ఉన్న భాగం, పక్కవాటం, అంచు, మూడూ చూసి ఎక్కువ భాగం ఏం చెప్తోందో అది రాయి.

తర్వాత పిల్లలు ఎలా పుడుతున్నాయో చూడు. డిప్సాస్ట్రియాలో ఒక పాలిప్ తన గుంట లోపలే రెండుగా చీలుతుంది, అందుకే కాలనీలో అక్కడక్కడా నడుము దగ్గర నొక్కినట్టున్న పొడుగాటి గుంటలు, లోపల రెండు నోళ్ళతో కనిపిస్తాయి. దీన్ని ఇంట్రాటెంటాక్యులర్ బడ్డింగ్ అంటారు. అలా కాకుండా పెద్ద గుంటల మధ్య సందులో బుల్లి గుండ్రటి గుంట కొత్తగా మొలిచి ఉంటే అది ఎక్స్‌ట్రాటెంటాక్యులర్, అప్పుడు నువ్వు చూస్తున్నది ఆస్ట్రియా లాంటి వేరే జీనస్ అయ్యుండొచ్చు. కాలనీలో ఒక్క బుల్లి గుంట కనిపించిందని తేల్చేయకు, కాసేపు వెతుకు. నన్నడిగితే గోడ, చీలిక ఈ రెండూ వచ్చాయంటే సగం పని అయిపోయినట్టే.

జీనస్ తేలాక స్పీషీస్. ఫేవస్ కొరలైట్లు పెద్దవి, సెంటీమీటరు పైనే ఉంటాయి, పెద్దవైతే రెండు సెంటీమీటర్ల దగ్గరికి వస్తాయి. దాని చెల్లెలు డిప్సాస్ట్రియా పల్లిడాలో గుంటలు చిన్నవి, సాధారణంగా సెంటీమీటరు లోపు, గుండ్రంగా ఉంటాయి. ఇంకో చెల్లెలు డిప్సాస్ట్రియా స్పెసియోసాలో సెప్టా సన్నగా, ఎక్కువగా, ఒకే వరసలో ఉంటాయి, ఫేవస్‌లో ఉండే ఆ ఎగుడుదిగుడు ఉండదు. ఒక్క గుంట కొలిచి వదలకు, చీలుతున్నవాటినీ అంచున కొత్తగా వచ్చినవాటినీ వదిలేసి బాగా ఎదిగినవి ఒక పది కొలువు, చిన్నది ఎంత పెద్దది ఎంత రెండూ రాయి.

పేర్ల గురించి కూడా చెప్పాలి, లేకపోతే పాత పేపర్లు చదివేటప్పుడు నువ్వు తికమక పడతావు. ఈ కోరల్‌ని మొదట వర్ణించినవాడు పీటర్ ఫోర్స్కాల్, జీవులకి రెండు మాటల పేర్ల పద్ధతి పెట్టిన లిన్నేయస్ శిష్యుడు, డెన్మార్క్ రాజు పంపిన యాత్రలో ఎర్ర సముద్రం వైపు వెళ్ళి 1763లో యెమెన్‌లో మలేరియాతో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగొచ్చిన ఒకే ఒక్కడు కార్స్టెన్ నీబూర్, ఆయనే ఫోర్స్కాల్ నోట్స్‌ని 1775లో అచ్చు వేయించాడు. ఆ మనిషి తన పుస్తకం చూసుకోలేదు కానీ ఆయన పెట్టిన ఫేవస్ అన్న పేరు ఇప్పటికీ నిలిచే ఉంది, తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతుంది. ఆయన దాన్ని మాడ్రెపోరా అనే జీనస్‌లో పెట్టాడు, అప్పట్లో రాతి పగడాలు చాలావరకు దాన్లోనే వేసేవాళ్ళు. తర్వాత చాలా కాలం ఇది ఫేవియా ఫేవస్, ఫ్యామిలీ ఫేవిడే. మండపం సీఎంఎఫ్ఆర్ఐలో (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) పనిచేసిన సి.ఎస్. గోపీనాథ పిళ్ళై గారి పేపర్లలో నీకు ఈ పేరే కనిపిస్తుంది, మన దేశంలో కోరల్ టాక్సానమీకి బాట వేసింది ఆయనే, ఆయన వర్ణనలు వాక్యం వాక్యం చదువు, పేరు పాతదని పక్కన పెట్టకు.

పేరు ఎందుకు మారిందంటే, 2004లో ఫుకామి అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు డీఎన్ఏ చూసి అట్లాంటిక్ ఫేవియాలూ మన వైపు ఫేవియాలూ ఒక కుటుంబం కాదు, ఎప్పుడో విడిపోయిన వేర్వేరు వంశాలు అని తేల్చారు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని అన్నాళ్ళూ ఒక్కచోట పెట్టారన్నమాట. ఆ తర్వాత 2012లో ఆన్ బడ్ వాళ్ళు అస్థిపంజరాల్ని మైక్రోస్కోప్ కింద మళ్ళీ చూసి, సెప్టా పళ్ళ ఆకారం లాంటి సన్నటి లక్షణాలు డీఎన్ఏ చెప్పినదానితో ఎలా కలుస్తాయో పరిశీలించి, ఫేవియా పేరుని అట్లాంటిక్‌కి వదిలి మనవాటికి 1830లో బ్లాంవీల్ పెట్టిన డిప్సాస్ట్రియా అన్న పాత జీనస్‌ని మళ్ళీ తెచ్చారు, మెరులినిడేలో చేర్చారు. నువ్వు రిపోర్ట్‌లో రాసేటప్పుడు ఫోర్స్కాల్, 1775 అన్నది బ్రాకెట్లలో పెట్టాలి, జీనస్ మారిందని ఆ బ్రాకెట్లే చెప్తాయి. బ్రాకెట్లు ఎగ్గొట్టడం పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, నువ్వు తీసుకోకు. ప్రస్తుతం చెల్లే పేరు కోసం వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో చూసుకో.

ఫోటోలు ప్రతి కాలనీకి కనీసం మూడు తియ్యి, మొత్తం కాలనీ ఒకటి, అరచేయంత భాగం ఒకటి, నాలుగైదు కొరలైట్లు నిండా వచ్చేలా సరిగ్గా పైనుంచి మాక్రో ఒకటి. మూడిట్లోనూ స్కేల్ ఉండాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే గుంట చదునుగా వస్తుంది, పక్కనుంచి వెలుతురు పడితే సెప్టా నీడలు పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. లోతు, టైమ్, చుట్టుపక్కల ఏమున్నాయో పైకి వచ్చిన వెంటనే స్లేట్ నుంచి నోట్‌బుక్‌లోకి ఎక్కించు, సాయంత్రానికి ఏది ఏదో కలిసిపోతుంది.

ముట్టుకోవద్దు. ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప దీనికి, ఫిన్స్ తగిలి ఒక ముక్క విరిగితే ఎన్నేళ్ళ కష్టం పోయిందో లెక్కేసుకో. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే చట్టం లెక్కలో పులితో సమానం. మన్నార్‌లోని 21 దీవుల ప్రాంతం 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్క్ కూడా. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కైనా సరే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ చేతిలో లేకుండా జేబులో వేసుకోకు, గుర్తుగా దాచుకుందామని కూడా వద్దు. ఎముక చేతిలో పెట్టుకుని చూడాలని ఉంటే, చూసి తీరాలి కూడా, మీ గైడ్‌ని అడిగి సంస్థల్లో రిజిస్టర్ అయిన పాత స్పెసిమెన్లు చూడు. కండ లేని తెల్లటి ఎముకని హ్యాండ్ లెన్స్ కింద ఒక పూటంతా తిప్పితిప్పి చూశాక నీళ్ళలో కండ కింద ఏముందో ఊహించడం వచ్చేస్తుంది, దానికి వేరే దారి లేదు. చూసింది పెన్సిల్‌తో బొమ్మ గీసుకో, బొమ్మ బాగా రాకపోయినా పర్లేదు, గీస్తుంటేనే ఏ పలక ఎక్కడ ఆగిందో కన్ను పట్టుకుంటుంది.

స్పీషీస్ తేలకపోతే డిప్సాస్ట్రియా ఎస్పీ (sp., అంటే జీనస్ మాత్రమే తేలిందని) అని రాసి వదిలెయ్. గైడ్ ముందు తక్కువైపోతానని ఏదో ఒక పేరు అంటించకు, నీ లిస్ట్ చూసి రేపు ఇంకెవరో ఇక్కడ ఫలానా స్పీషీస్ ఉండేది, ఇప్పుడు లేదు అని రాస్తారు, అసలు ఎన్నడూ లేనిదాని కోసం వెతుకుతారు. దేని వల్ల తేలలేదో పక్కన ఒక లైన్ రాయి, గోడ సరిగ్గా కనపడలేదా, సైజు రెండిటి మధ్యలో ఉందా అని.

నాకు ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సెప్టా అంచులన్నీ అరిగిపోయి వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపు, ఫైల్ పేరులో లోతు, తేదీ వెయ్యి. పేరు మాత్రం నువ్వే ముందు అనుకుని, ఎందుకనుకున్నావో కూడా రాసి పంపు, అప్పుడు మాట్లాడుకుందాం.

మీ బాబాయ్