బీఎస్సీ బయోటెక్ చదివి, జనం ఏం తింటారో పరిశోధిస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. కాలేజీలో ల్యాబ్‌లో పెంచే మాంసం మీద సెమినార్ ఇచ్చినప్పటి నుంచి ఒకటే పట్టు పట్టింది. ఆ మాంసం తయారు చేయడం మీద తనకు ఆసక్తి లేదట. జనం దాన్ని తింటారా, తినకపోతే ఎందుకు తినరు అన్నదాని మీద రీసెర్చ్ చేస్తుందట. అందుకని ఎం.ఏ. సోషియాలజీలో చేరతానంటోంది. సైన్స్ చదివిన పిల్ల ఆర్ట్స్‌కి వెళ్తే ఇన్నాళ్ల చదువు వృథా కాదా? ఇందులో అసలు ఉద్యోగాలుంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మాయిది గాలిమాట కాదండీ. జంతువు నుంచి తీసిన కణాలను ట్యాంకుల్లో పెంచి మాంసం తయారు చేయడం ఇప్పటికే జరుగుతోంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ పోస్ట్ 2013 ఆగస్టులో లండన్‌లో ఇలాంటి మొదటి బర్గర్‌ను అందరి ముందూ వండించి రుచి చూపించారు. దాని ఖర్చు దాదాపు రెండున్నర లక్షల యూరోలు. 2020 డిసెంబరులో సింగపూర్ అమ్మకానికి అనుమతిచ్చింది. 2023 జూన్‌లో అమెరికా రెండు కంపెనీలకు అనుమతిచ్చింది. వాటిలో ఒకటైన అప్‌సైడ్ ఫుడ్స్‌ను స్థాపించినవారిలో ముఖ్యుడు, విజయవాడలో పెరిగిన గుండె డాక్టర్ ఉమా వాలేటి. అదే సంవత్సరం నవంబరులో ఇటలీ నిషేధించింది. 2024 మేలో అమెరికాలోనే ఫ్లోరిడా రాష్ట్రం నిషేధించింది. ట్యాంకులో పెరిగే కణాలకు ఈ గొడవ తెలియదు. ఒకచోట లైసెన్సు, ఇంకోచోట జరిమానా ఎందుకొచ్చాయో తెలియాలంటే రైతులను, ఓటర్లను, తినేవాళ్లను చదవాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ చదువే.

ఆ చదువు ఎలా ఉంటుందో మీకు అర్థం కావడానికి ఒక ప్రయోగం చెప్తాను. 2020లో అచ్చయిన ఒక డచ్ అధ్యయనంలో 193 మందికి రెండు హ్యాంబర్గర్ ముక్కలు పెట్టారు. ఒకటి మామూలు మాంసం, రెండోది ల్యాబ్‌లో పెంచినది అని చెప్పారు. నిజానికి రెండూ మామూలు మాంసమే. ఒక్కరు కూడా తినకుండా వదల్లేదు. పైగా ‘ల్యాబ్’ అని చెప్పిన ముక్కే ఎక్కువ రుచిగా ఉందన్నారు. వాళ్లలో 58 శాతం మంది దానికి మామూలు ధర కంటే ఎక్కువ ఇస్తామన్నారు, సగటున 37 శాతం ఎక్కువ. చూశారా, నాలుక కంటే ముందు చెవి తింటోంది. తినే ముందు వాళ్లకు ఏ సమాచారం ఇచ్చారు, దాని వల్ల అభిప్రాయం ఎంత మారింది అన్నదే అక్కడ అసలు ప్రశ్న. స్విట్జర్లాండ్‌లో పరిశోధకుడు మైఖేల్ సీగ్రిస్ట్ బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. ‘ఇది సహజమైనది కాదు’ అన్న భావన, దాంతో కలిగే ఏవగింపు జనం ఒప్పుకోలును బాగా తగ్గిస్తాయని వాళ్లు తేల్చారు. ఆ తర్వాత ఇదే విషయం మీద పది దేశాల్లో సర్వే చేశారు.

ఇంతకీ మన దగ్గర ఏముంది? 2019లో అచ్చయిన ఒక సర్వే అమెరికా, చైనా, భారత్‌లలో సుమారు 3,000 మందిని ఆన్‌లైన్‌లో అడిగింది. అమెరికా కంటే మన దేశంలో, చైనాలో సుముఖత చాలా ఎక్కువగా కనిపించింది. పేపర్లో చదివితే బాగానే ఉంటుంది. కానీ ఇంటర్నెట్‌లో సర్వే నింపే భారతీయులంటే ఎక్కువగా పట్నంలో ఉండేవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు. ఆ లెక్క పట్టుకుని ‘ఇండియా తినడానికి రెడీ’ అంటే నేను నమ్మను. మీ అమ్మాయిని కూడా నమ్మొద్దని చెప్పండి. ఈ రంగంలో మొదట రావాల్సింది ఆ అనుమానమే.

మీ ఊళ్లో ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. వచ్చినవాళ్లు మొదట అడిగేది ‘పోతుదేనా?’ అని. తర్వాత వేలాడదీసిన దాంట్లోంచి తొడ వైపు చూపించి, కళ్లముందే కొట్టించుకుంటారు. నల్లిబొక్క వేయమంటారు, కార్జం అడుగుతారు. ఇక్కడ నమ్మకమంటే కంటితో చూడటం. ఎముక లేని, ఎక్కడ పుట్టిందో కనబడని మాంసానికి ఆ నమ్మకం ఎలా వస్తుంది? అమ్మవారికి మొక్కిన పోతుకు బదులు ఇది నడుస్తుందా? హలాల్ అవుతుందా? (సింగపూర్‌లో ఇస్లామిక్ మత మండలి 2024 ఫిబ్రవరిలో కొన్ని షరతులతో కావచ్చని చెప్పింది.) జంతువును చంపలేదు కాబట్టి శాకాహార కుటుంబాలు ముట్టుకుంటాయా, లేక మైల అంటాయా? 2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులని తేలింది. ఇంతమంది తినే చోట ఈ ప్రశ్నలను తెలుగులో, ఊళ్లలో కూర్చుని అడిగే మనిషికి పని తక్కువ ఉండదు. సైన్స్ వైపు చూస్తే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ కలిసి ఈ మాంసం మీద పనిచేయడానికి 2019లో కేంద్రం నిధులిచ్చింది.

ఆహారం మీద ఇలాంటి పరిశోధన మనకు కొత్త కూడా కాదు. 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లా, జహీరాబాద్ దగ్గరి అల్గోలులో ‘ప్రజాతీర్పు’ అని ఒక పౌర జ్యూరీ కూర్చుంది. చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలో ఎక్కువమంది మహిళలు. వ్యవసాయం ఇరవై ఏళ్లకు ఎలా ఉండొచ్చో వాళ్లకు వీడియోలు చూపించారు. వేర్వేరు పక్షాల సాక్షులు వచ్చి వాదనలు వినిపించారు. రైతులు ప్రశ్నలు వేసి, చివరికి జన్యుమార్పిడి పంటలు వద్దని తీర్పు చెప్పారు. ఆ పద్ధతి మీద, నివేదిక మీద తర్వాత బ్రిటన్ దాకా వివాదం నడిచింది. మీ అమ్మాయి అది చదివితే ‘జనాభిప్రాయం’ ఎలా సేకరిస్తారు, దాన్ని ఎవరు తప్పుపడతారు రెండూ తెలుస్తాయి. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద 2010లో అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో జనాభిప్రాయం విన్నారు. అందులో హైదరాబాద్ ఒకటి. ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు.

ఇక మీ భయం సంగతి. బీఎస్సీ వృథా కాదు. కణాలు ఏ ద్రవంలో పెరుగుతాయో తెలిసిన సోషియాలజీ విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. కానీ అమ్మాయికి ఒక్క విషయం గట్టిగా చెప్పండి: ‘ల్యాబ్ మాంసం’ అనేది పరిశోధనాంశం, వృత్తి కాదు. ఈ కంపెనీల్లోకి 2021లో వచ్చినంత పెట్టుబడి ఆ తర్వాత రాలేదు. రేపు ఇంకా కొన్ని మూతపడినా ఆశ్చర్యం లేదు. సర్వే డిజైన్, ఇంటర్వ్యూ, గణాంకాలు చేతికొస్తే అవి పాల కల్తీకీ పనికొస్తాయి, ఫోర్టిఫైడ్ బియ్యానికీ పనికొస్తాయి, టీకాలకూ పనికొస్తాయి.

కోర్సు విషయానికొస్తే, ఎం.ఏ. సోషియాలజీకి చాలా యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ అయినా ఒప్పుకుంటారు. నా మొదటి ఓటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి. సీయూఈటీ పీజీ అనే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. సైన్స్‌కీ సమాజానికీ మధ్య సంబంధాల మీదే పీహెచ్‌డీ చేయించే కేంద్రం కూడా అక్కడ ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో సైన్స్ పాలసీ కేంద్రం ఇంకొకటి. వ్యవసాయ యూనివర్సిటీల్లో ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ విస్తరణ) ఎమ్మెస్సీ చూసి ఆశపడొద్దు, అది ప్రధానంగా బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లకోసం. విదేశం అంటే నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్ యూనివర్సిటీ ఈ సబ్జెక్టుకు పెద్ద పేరు. కానీ స్కాలర్‌షిప్ లేకుండా అప్పుచేసి మాస్టర్స్‌కి పంపమని నేను చెప్పను. ఇక్కడ ఎం.ఏ. చేసి, ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లడం మేలు. ఎం.ఏ. మొదటి ఏడాదిలోనే గణాంకాలకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. లెక్కలంటే భయపడి సోషియాలజీకి పారిపోతోందేమో అది కూడా అడగండి. అలాగైతే ఇది తన దారి కాదు.

ఉద్యోగాలంటారా? క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటి హడావుడి ఉండదు, నిజమే. ఎం.ఏ. తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. ఇక్రిశాట్ 1975 నుంచి ఔరేపల్లి, డోకూరు లాంటి ఊళ్లలో ఇంటింటి లెక్కలు రాసుకుంటూ వచ్చిన సంస్థ. ఇవి కాంట్రాక్టు పోస్టులే, జీతాలు మొదట్లో మామూలుగానే ఉంటాయి. మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు, ఆహార కంపెనీల వినియోగదారుల విభాగాలు ఇంకాస్త బాగా ఇస్తాయి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, అద్దె భత్యం వేరే. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. ఆ తర్వాత లెక్చరర్ పోస్టు వెంటనే వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంట్లో ఆమె జీతం మీద ఆధారపడే పరిస్థితి ఉంటే, ఎం.ఏ. అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పుడు పీహెచ్‌డీకి వెళ్లమనండి.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయించండి. సెలవుల్లో పదిహేను మందితో మాట్లాడమనండి. మటన్ కొట్టాయన, అంగన్‌వాడీ టీచర్, మీ వీధిలో మాంసం ముట్టని ఇల్లు, మసీదు దగ్గర బిర్యానీ సెంటర్ ఓనర్, హాస్టల్ పిల్లలు. ‘తింటారా?’ అని నేరుగా అడగొద్దు. అలా అడిగితే మనవాళ్లు మొహమాటానికి ‘మీరు తెస్తే తింటాం’ అనేస్తారు. ఆ మాంసం ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోమనండి, వాళ్లేం అడుగుతారో రాసుకోమనండి. రికార్డు చేస్తే ముందే అడిగి చేయాలి. తర్వాత ఇంట్లో కూర్చుని అదంతా మాట పొల్లుపోకుండా కాగితం మీద పెట్టాలి. గంట మాటలు రాయడానికి అయిదారు గంటలు పడుతుంది. ఈ పనిలో సగం అదే. మూడో ఇంటర్వ్యూకే విసుగొస్తే ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి కూడా దరఖాస్తు పెట్టించండి. పదిహేనూ పూర్తిచేసి ఇంకెవరిని అడగాలా అని చూస్తుంటే మాత్రం ఎం.ఏ. ఫారం నింపించండి. సీయూఈటీ పీజీ పరీక్ష సాధారణంగా మార్చిలో ఉంటుంది, నోటిఫికేషన్ అంతకు రెండు మూడు నెలల ముందే వచ్చేస్తుంది.