కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటకుండా: మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన కరెంటు బిల్లు చూశాను. ఇద్దరే ఉండే పోర్షన్‌లో, ఏసీ కూడా లేకుండా 230 యూనిట్లు కాలాయి. ఫ్రిజ్ మార్చాలా, గీజర్ మానేయాలా అని అడిగావు. ప్రస్తుతానికి రెండూ వద్దు. మీరు దిగినది పాత ఇల్లనీ, దీపాలన్నీ పాతవేననీ అమ్మ చెప్పింది. ముందు వాటి సంగతి చూడు. విద్యుత్ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి ఇళ్లు చాలా చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ముందుగా 200 అనే అంకె సంగతి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ధరల ప్రకారం నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. సరిగ్గా 200 కాలితే 820 రూపాయలు. 201 కాలిందనుకో, ఆ ఒక్క యూనిట్‌తో మీ ఇల్లు పై వర్గంలోకి వెళ్లిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున లెక్కగట్టి 1,027 రూపాయల 70 పైసలు వేస్తారు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు దాదాపు 208 రూపాయలన్నమాట. స్థిర ఛార్జీలు, సుంకం దీనికి అదనం. గృహజ్యోతి పథకానికి అర్హత ఉన్న ఇంట్లోనైతే నష్టం ఇంకా పెద్దది. 200 లోపు సున్నా బిల్లు వచ్చే చోట, ఆ గీత దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సి వస్తుంది. ఆ పథకానికి చూసే మీ రేషన్ కార్డు ఇంకా ఊళ్లోనే ఉందన్నావు. ఆ సంగతి తేల్చుకోమని అల్లుడుగారికి చెప్పు.

మీ అత్తగారు గుంటూరు లెక్క చెబితే దాన్ని ఇక్కడికి పట్టుకురావద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి అన్ని ఇళ్లకూ ఒకే వరుస ధరలు. అక్కడ 225 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే 8.75 పడుతుంది తప్ప కింది యూనిట్ల ధర మారదు.

ఇక మీ ఇంట్లో ఏ దీపం ఎంత తింటోందో చూద్దాం. వాట్లను గంటలతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. వాట్లు అందరూ చూస్తారు, గంటల్ని ఎవరూ పట్టించుకోరు. అమ్మ చెప్పిన దాన్నిబట్టి మీ పూజగదిలో ఇంటివాళ్లు పెట్టిన ఎర్ర జీరో బల్బు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పేరుకే జీరో గానీ ఆ పాత రకం బల్బు 12 నుంచి 15 వాట్లు లాగుతుంది. చక్రం తిరిగే పాత మీటర్లు అంత చిన్న వాడకానికి సరిగా కదిలేవి కావు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు దాన్ని వదలదు. 15 వాట్లు, 24 గంటలు, 30 రోజులు: 10.8 యూనిట్లు. అదే హాల్లో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైటు పెట్టి రోజుకు ఆరు గంటలు వేసుకుంటే నెలకయ్యేది 3.6 యూనిట్లే. అంటే ఎవరూ చూడని వేళ కూడా వెలిగే ఆ చిన్న బల్బు అలాంటి ఎల్ఈడీ హాలు దీపానికి మూడు రెట్లు తింటోంది. దేవుడి దగ్గర దీపం ఆర్పమని నేను చెప్పను. అర వాటు ఎల్ఈడీ జీరో బల్బు కొని పెట్టు, నెలంతా వెలిగినా అర యూనిట్ కూడా కాదు.

రెండోది వాకిట్లో బల్బు. 60 వాట్ల పాత బల్బు సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పదకొండు గంటలు వెలిగితే నెలకు 19.8 యూనిట్లు. మీ ఇంటి దీపాలన్నిటిలో పెద్ద దొంగ ఇదే. గుమ్మం ముందు చెప్పులు, మెట్లు కనిపించడానికి 5 వాట్ల ఎల్ఈడీ చాలు. అప్పుడు 1.65 యూనిట్లతో సరిపోతుంది. రాత్రంతా వెలిగే దీపమే మీకు భద్రత అనిపిస్తే అలాగే ఉంచుకో.

హాల్లో, పడకగదిలో ఉన్నవి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు. ట్యూబు మీద 40 అని రాసి ఉన్నా, వేడెక్కే ఆ రాగి చోక్ మరో 12 వాట్ల దాకా లాగుతుంది. మొత్తం 52 అనుకో. హాల్లో ఆరు గంటలు, పడకగదిలో నాలుగు గంటలు వేస్తే రెండూ కలిపి 15.6 యూనిట్లు. వంటింట్లో 60 వాట్ల బల్బు నాలుగు గంటలకు 7.2, స్నానాలగదిలో 40 వాట్లది గంటకు 1.2. అన్నీ కూడితే దీపాలకే దాదాపు 55 యూనిట్లు. అన్నీ ఎల్ఈడీలకు మార్చాక మొత్తం 11 యూనిట్లు మించదు. 44 యూనిట్లు మిగిలి, 230 కాస్తా 186 అవుతుంది. 1,251 రూపాయలు కట్టే చోట 753 కడతావు. మూడు ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లకూ మూడు బల్బులకూ కలిపి సుమారు వెయ్యి రూపాయలవుతాయి. రెండు నెలల్లో తిరిగొచ్చేస్తాయి.

నా మాట నమ్మక్కర్లేదు, మీటరునే అడుగు. అద్దం వెనక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు 3200 సార్లు అనో, 1600 అనో అంకె అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి హాలు ట్యూబ్‌లైటు ఒక్కటే వెయ్యి. మీటరు 3200ది అయితే పాత ట్యూబుకు దాదాపు 22 సెకన్లకోసారి మిణుకుతుంది. కొత్త 20 వాట్లది పెట్టి మళ్లీ చూడు, 56 సెకన్లు పడుతుంది. అల్లుడుగారి ఫోనులో సెకన్ల గడియారం ఉంటుంది కదా, ఇద్దరూ కలిసి చూడండి. అన్నీ ఆపినా మిణుకుతూనే ఉంటే ఏదో ఒకటి ఆపడం మరిచిపోయినట్టు, లేదా పక్క పోర్షన్ లైను మీ మీటరులో కలిసినట్టు. అద్దె ఇళ్లలో ఇది అరుదేమీ కాదు.

ఇంతకీ మీ మీటరు విడిగా ఉందా, ఇంటివాళ్ల మీటరు కింద సబ్ మీటరా? సబ్ మీటరైతే యూనిట్‌కు ఇంత అని వాళ్లు చెప్పిన ధరే మీ ధర, పైన చెప్పిన స్లాబుల లెక్క మీకు నేరుగా వర్తించదు. అప్పుడు కూడా 44 యూనిట్లు మిగలడం మిగలడమే.

కొనేటప్పుడు వాట్లు చూసి కొనవద్దు. డబ్బా మీద ల్యూమెన్లు అని రాసి ఉంటుంది, అది వెలుగు కొలత. పాత 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇచ్చేది. ఇప్పటి మంచి 9 వాట్ల ఎల్ఈడీ 900 దాకా ఇస్తుంది. 9 వాట్లు అని రాసి 600 ల్యూమెన్లే ఇచ్చేదాన్ని పక్కన పెట్టు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, నక్షత్రాల లేబులు లేనిది అసలు తీసుకోకు. సంతలో ముప్పై రూపాయలకు అమ్మే పేరులేని బల్బులో వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని తట్టుకునే సరైన డ్రైవరు, అంటే బల్బుకు వెళ్లే కరెంటును సర్దే లోపలి సర్క్యూటు, ఉండదు. దుకాణంలోనే బల్బు వెలిగించమని అడిగి ఫోను కెమెరాలోంచి చూడు. తెర మీద నల్లని చారలు పరుగెడుతుంటే ఆ బల్బు కంటికి తెలియకుండా అదురుతున్నట్టు. దాని కింద చదివితే కళ్లు, తల నొప్పి పుట్టవచ్చు.

ఒకప్పుడు ఎల్ఈడీ బల్బులు ఖరీదైన వస్తువులు. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద కోట్ల సంఖ్యలో కొనడంతో 2016 నాటికి ఆ ధర 38కి దిగింది. ఇంకా పాత బల్బులు వాడటానికి ఇప్పుడు ఏ కారణమూ లేదు.

వంటింట్లో మాత్రం పిసినారితనం చేయకు. అక్కడ 20 వాట్ల తెల్లని ట్యూబ్‌లైటే పెట్టు. నేను పైన వేసిన లెక్కలో అది చేర్చే ఉంది. పప్పులో పురుగు, బియ్యంలో రాయి, కత్తి అంచు స్పష్టంగా కనపడాలి. డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80కి పైన ఉంటే రంగులు నిజంగా కనిపిస్తాయి, కూర ఉడికిందో మాడిందో తెలుస్తుంది. దీపం పొయ్యి దగ్గర గట్టుకు ఎదురుగా ఉండాలి. నీ వెనక ఉంటే నీ నీడే గట్టు మీద పడుతుంది. పడకగదికి 3000 కెల్విన్ల పసుపు వెలుగు హాయిగా ఉంటుంది.

పాత చోక్ పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు దూర్చి ఇస్తామని దుకాణదారు అంటే ఒప్పుకోకు. కొన్ని రకాల్లో చోక్ అలాగే ఉండి కరెంటు తింటూనే ఉంటుంది, కొన్నిటికి లోపలి తీగలు మార్చాలి. పట్టీతో సహా కొత్తది కొని బిగించుకో. పాతవి అటక మీద దాచి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి మీవి మీరు తీసుకెళ్లండి. పాత ట్యూబు పగలగొట్టకండి, అందులో పాదరసం ఉంటుంది. గాజు డూములో మూసేసి బల్బు పెట్టవద్దు. వేడి బయటికి పోక లోపలి కెపాసిటర్ పాడై, ఏళ్ల తరబడి రావాల్సిన బల్బు త్వరగా పోతుంది.

కొత్త బల్బు స్విచ్చు ఆపిన తర్వాత కూడా చీకట్లో సన్నగా వెలుగుతోందనుకో, భయపడకు, అలాగని వదిలేయకు. స్విచ్చులో చిన్న సూచిక దీపం ఉంటే దాని గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు వల్ల అలా జరగవచ్చు, అందులో ప్రమాదం లేదు. సూచిక దీపం లేని స్విచ్చు అయితే వైరింగులో ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) బదులు న్యూట్రల్‌ను (తిరిగి వెళ్లే తీగను) స్విచ్చుకు ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయిన చేతికి షాక్ కొడుతుంది. ఆ పని నువ్వు గానీ అల్లుడుగారు గానీ చేయవద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, స్విచ్చు దేని మీద ఉందో టెస్టర్ పెట్టి చూడమను. ఇంటివాళ్లు ఖర్చుకు వెనకాడితే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను.

మీ మామయ్య