బేకరీలో హత్య, చివరి పేజీలో కుకీలు

ప్రశ్న: బేకరీలు, టీకొట్ల చుట్టూ తిరిగే ఇంగ్లిష్ కోజీ మిస్టరీలు (రక్తపాతం పెద్దగా లేని తేలికపాటి హత్యా నవలలు) చదువుతున్నా. పేర్లు గుర్తుండట్లేదు. పుస్తకం చివర ఇచ్చిన వంటకం చూసి కుకీలు చేస్తే అట్టులా పరుచుకున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పేర్ల సంగతి తేలిక. అట్ట లోపల పెన్సిల్‌తో పేరు, దుకాణంతో సంబంధం, ఎవరికి ఎవరు బాకీ అన్నది రాసుకోండి. ఈ నవలల్లో హత్యకు కారణం చాలాసార్లు షాపు లీజులోనో, వాటాల తగాదాలోనో ఉంటుంది. సిరీస్ మాత్రం మొదటి పుస్తకంతోనే మొదలెట్టండి. హంతకుడు ఏ పుస్తకంలో వాడు అందులోనే దొరుకుతాడు గానీ, నాయిక ఎవరిని పెళ్లాడిందో తర్వాతి భాగాలు ముందే చెప్పేస్తాయి.

ఇక కుకీలు. అమెరికా కప్పు సుమారు 240 మి.లీ.; మైదా అయితే 120-125 గ్రాములు. ఒక 'స్టిక్' వెన్న 113 గ్రాములు. మన దగ్గర దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పుంటుంది, విడిగా వేయకండి. ఓవెన్ 350 అంటే ఫారెన్‌హీట్. మన లెక్కలో 175 సెల్సియస్. వెన్న 'గది వేడిమిలో' ఉండాలని రాస్తారే, ఆ గది వాళ్లది! వరంగల్ ఎండాకాలంలో అదే వెన్న కరిగి జారిపోతుంది, కుకీ పరుచుకునేది అందుకే. వెన్నను వేలితో నొక్కితే గుంట పడాలి, మెరవకూడదు. పిండి ముద్దలు చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి వాయి తీసిన వేడి ట్రే మీదే రెండోది పెడితే మళ్లీ అట్టే.