సమాధానం: గొడవ సీనులో డైలాగు ఎందుకు పండట్లేదు?

మీ షార్ట్ ఫిల్మ్ సీను రెండుసార్లు చదివానండి. భర్త అబద్ధం బయటపడ్డాక భార్య అనే "నువ్వు నన్ను మోసం చేశావు, నా మనసు ముక్కలైంది" పేలవంగా ఉందన్నారు. నిజమే, ప్రేక్షకుడికి అప్పటికే తెలిసిన సంగతిని ఆమె మళ్లీ చెబుతోంది. మొదటి నుంచీ అతన్ని "నువ్వు" అనే పిలుస్తోంది కదా, అదే మీకు ఆయుధం. ఆ రెండు వాక్యాలూ తీసేసి, కంచం ముందు పెట్టి "అన్నం పెట్టాను, తినండి" అనిపించండి. ఆ ఒక్క "అండి"తో అతను పరాయివాడైపోతాడు. అందుకే అంతకుముందు ఆమె నోట ఎక్కడా "అండి" రానివ్వకండి.

ఇక మీ పాట పల్లవిలో "నీవు" పాతగా ఉందా అన్నారు. "నీవు", "నువ్వు" రెండూ మూడు మాత్రలే (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సమయం), కాబట్టి ట్యూన్‌కి ఇబ్బంది లేదు. కానీ "నీ" దీర్ఘం, గాయని ఎంతసేపైనా సాగదీయొచ్చు; "నువ్వు" ద్విత్వం దగ్గర, అంటే ఒకే హల్లు జంటగా వచ్చే "వ్వు" దగ్గర, టక్కున ఆగుతుంది. మీది విరహగీతం, స్వరం అక్కడే నిలుస్తోంది. నా మాట విని "నీవు" ఉంచేయండి. చరణంలో పోట్లాట వస్తుంది కదా, "నువ్వు" అక్కడ వాడండి.