డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లో డాక్టర్ ఫిష్ ఫింగర్స్ కస్టర్డ్‌లో ముంచుకుని తింటాడు కదా, ఎవరైనా నిజంగా వండుకుని తిన్నారా?

తిన్నానండీ, రెండుసార్లు. మొదటిది మాత్రం లెక్కలోకి రాదు.

మాది బరంపురం, ఒడిశా. మా అక్క కూతురికి ఆ సీరియల్ అంటే పిచ్చి. చూడనివాళ్ళకి చెప్తున్నా, 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఎపిసోడ్ అది, మ్యాట్ స్మిత్ డాక్టర్‌గా వచ్చిన కొత్తలో, అమీలియా అనే చిన్నపిల్ల ఇంటి పెరట్లో ఊడిపడి ఆకలంటాడు, ఆ పిల్ల ఆపిల్ ఇస్తే ఉమ్మేస్తాడు, పెరుగూ అంతే, బేకనూ అంతే, బ్రెడ్డూ వెన్నా అయితే ప్లేటుతో సహా గుమ్మం బయటికి విసిరేస్తాడు, ఆఖరికి తనే ఫ్రిజ్ వెతుక్కుని ఈ కాంబినేషన్ పట్టుకుంటాడు.

ఇక్కడ కార్తీకం నెలంతా చేప ముట్టరు, ఇక్కడి లెక్కలో పౌర్ణమితో నెల అయిపోతుంది, మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్ళీ చేపా మాంసం మొదలెట్టే రోజు, ఆ రోజు చేపల బజార్లో కాలు పెట్టే చోటుండదు, రేటు అసలు అడక్కూడదు. సరిగ్గా ఆ రోజే మొదలెట్టా. చిల్కా సరస్సు భెక్టి చేప, అదే మన పండుగప్ప, పావుకిలో ముళ్ళు తీయించి తెచ్చా. చెయ్యి అలవాటు పోదు కదా, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా అన్నీ పట్టించేశా, కస్టర్డ్‌లో పంచదార నాలుగు చెంచాలు, పైన ఏలకులు. నోట్లో పెడితే ముందు పాయసం, వెనకాలే వెల్లుల్లి. నెల్రోజులు నోరు కట్టుకున్నది ఇందుకేనట్రా అని అమ్మ తిట్టింది. మా పిల్లేమో, మామయ్యా, డాక్టర్ దీన్ని నీ మీదకే విసిరేవాడు అంది.

రెండోసారి మసాలా మొత్తం మానేశా. వేలెడంత ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం, అంతే. మైదా, గుడ్డు, రస్కుల పొడి వరసగా అద్ది ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే నూనెలో పొడంతా ఊడొచ్చేస్తుంది, నాకు మొదటిసారి అదీ అయింది. అరలీటరు పాలకి కస్టర్డ్ పౌడర్ చెంచాన్నర, పంచదార ఒక్క చెంచా, చిటికెడు ఉప్పు. కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డుండదు, 1837లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన గుడ్డు పడని భార్య కోసం కనిపెట్టింది, దాదాపు అంతా మొక్కజొన్న పిండే, వెనీలా వాసన తప్ప. పంచదార తగ్గిస్తే అది స్వీటు కాదు, తెల్ల సాసు లాంటిదే అనుకోండి. కస్టర్డ్ బాగా చల్లగా, చేప పెనం మీంచి దిగిన వేడిమీద ఉండాలి. పైన కరకర, లోపల మెత్తగా, చుట్టూ చల్లటి పాల రుచి, బాగుందండీ, ఒట్టు. కానీ రెండు ముక్కలే, మూడోదానికి మొహం మొత్తుతుంది.

ఇంకోటి, టీవీలో ఆయన మొహం చూసి మోసపోకండి, షూటింగ్‌లో ఆయన తిన్నది చేప కాదు, రొట్టెపొడి అద్దిన కొబ్బరి కేకు!

అమ్మ మాత్రం చేపముక్కలు పప్పుచారన్నంలో నంజుకుంది, మిగిలిన కస్టర్డ్‌లో మర్నాడు పంచదార, అరటిపండు ముక్కలు కలుపుకుని తింటూ, విడివిడిగా పెడితే మీ డాక్టరు మంచోడేరా అంది.